ఉప్మా ఫోల్డర్

సోమవారం పొద్దున ఆఫీస్ చాట్‌లో మేనేజర్ మెసేజ్ పెట్టాడు. నన్ను ఈ పనిలో పెట్టిన అంకుల్ శనివారం గుండెపోటుతో పోయారని రెండు లైన్లు. ఆయన చూస్తున్న క్రాష్‌లు ఇకమీదట ఎవరు చూస్తారని మూడో లైన్. ఆ మూడో లైన్ తెచ్చిన కోపం నాకింకా దిగలేదు.

అమెరికాలో, అల్ఫారెట్టాలో మాకు రెండిళ్ల అవతల ఉండేవారు. నేను కాలేజీ మధ్యలో మానేశాక, తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లలో మిగతా అంకుల్స్ నన్ను చూపించి వాళ్ల పిల్లల్ని బెదిరించేవాళ్లు. ఈయన మాత్రం లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టారు. మీ ఫోన్‌లో యాప్ ఉన్నట్టుండి ఆగిపోతే మాలాంటివాళ్లకి చేరే క్రాష్ రిపోర్ట్ అది. అన్నీ అర్థంలేని అక్షరాలూ అంకెలూ. కోడ్ నుంచి యాప్ తయారుచేసినప్పుడు ఆ బిల్డ్‌తో పాటు పుట్టిన ఫైల్‌ని దానికి జతచేశారు. అక్షరాలన్నీ మేం రాసే కోడ్ ముక్కల, అంటే ఫంక్షన్ల, పేర్లయ్యాయి.

"ఇది నీ డిగ్రీ అడగదురా. చదవడం వస్తే చాలు," అన్నారు.

తర్వాత తన టీమ్‌లోకే తీసుకెళ్లారు.

మా కంపెనీలో ఒకే వర్షన్ నంబర్‌తో రెండేసి బిల్డ్‌లు వెళ్లిపోయేవి. అందుకని ఆయన ప్రతి బిల్డ్ ఫైలూ విడి ఫోల్డర్‌లో దాచి, దానికి ఆ రోజు ఆంటీ చేసిన టిఫిన్ పేరు పెట్టేవారు. పెసరట్టు, ఉప్మా. నేను నవ్వేవాణ్ణి.

"తప్పు ఫైల్ పెట్టినా ఏదో ఒక పేరు చూపిస్తుందిరా. అదే డేంజర్," అనేవారు.

బుధవారం మీటింగ్‌లో అదే జరిగింది. ఇన్సులిన్ టైమ్ గుర్తుచేసే మా యాప్ వారం నుంచీ ఆగిపోతోంది. మేనేజర్ రిపోర్ట్ తెరిచి అంకుల్ రాసిన ఫంక్షన్ చూపించాడు.

"పాపం, లాస్ట్‌లో ఫోకస్ తగ్గినట్టుంది," అన్నాడు.

పోయినవాడు ఎదురు చెప్పడు కదా. కానీ మేనేజర్ పెట్టింది అదే వర్షన్ నంబరున్న పెసరట్టు ఫైల్. రిపోర్ట్ అడుగున ఉన్న బిల్డ్ ఐడీ ఉప్మాది. ఎవడి పేరొస్తే వాణ్ణి అక్కడే కడిగేద్దామని ఉప్మా ఫైల్‌తో తెరిచాను.

నా ఫంక్షన్ వచ్చింది.

"ఇది నాది. ఆయనది కాదు. నోట్స్‌లో అలాగే రాయండి," అన్నాను.

తర్వాత చూద్దామన్నాడు మేనేజర్. రాసేదాకా కుర్చీలోంచి లేవలేదు నేను. అంతదాకా అతని మీదున్న కోపం నా మీదికి తిరిగింది. పంపే ముందు ఒక్కసారి చూడండని ఆయన్ని అడగడానికి నాకేం రోగం?

సాయంత్రం ఆ లైన్ సరిచేసి పంపబోతే, దాన్ని రివ్యూ చేసేవాళ్ల పేరుండే గడిలో సిస్టం దానంతటదే ఆయన పేరు నింపింది. పక్కన చిన్న గుండ్రంలో ఆయన ఫోటో, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని.