పచ్చిక తడిసేదాకా

నిన్న ఒక శుభలేఖ వచ్చింది. మా పాత పార్షద్ గారి మనవరాలి పెళ్ళి, వాళ్ళ సొంత మ్యారేజ్ గార్డెన్‌లోనే. మా బిలాస్‌పూర్‌లో వార్డు కౌన్సిలర్ని పార్షద్ అంటారు. ఎర్ర వెల్వెట్ కవరు, దాని మీద బంగారు రంగు వినాయకుడు, కింద చేత్తో రాసిన నాన్న పేరు, పక్కన 'సపరివార్' అని. కవరు మంచి దళసరిగా ఉంది. వంటింట్లో నీళ్ళ డ్రమ్ము ఓ పక్కకి ఒరుగుతుంటే, కింద ఎత్తుకి ఏం పెట్టాలా అని రెండు రోజులుగా వెతుకుతున్నాను. వినాయకుణ్ణి జాగ్రత్తగా కత్తిరించి దేవుడి దగ్గర పెట్టి, మిగిలినదాన్ని మడిచి డ్రమ్ము కింద దోపాను. సరిగ్గా సరిపోయింది.

నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. ఆయన రిటైరయ్యేదాకా మేం రైల్వే క్వార్టర్లోనే ఉన్నాం. అక్కడ నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు, గాలి గురించి మాట్లాడుకోనట్టే. క్వార్టరు ఖాళీ చేసి, తోర్వా అనే పేట చివర ఒక ప్రైవేటు లేఅవుట్లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాక గానీ నీళ్ళు కూడా ఒకరి చేతిలో ఉంటాయని తెలియలేదు. మా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఆరేడేళ్ళకి జరిగిన సంగతి ఇది. మునిసిపాలిటీ పైపు మా సందు మొదట్లో ఆగిపోయింది. సందు ఇంకా ప్లాట్లు అమ్మినాయన పేరు మీదే ఉందట, ప్రైవేటు స్థలంలో మునిసిపాలిటీ పైపు వెయ్యదట. సందు మొదట్లో ఉన్నది పార్షద్ గారి మ్యారేజ్ గార్డెన్, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే తోట. నడి వేసవిలో కూడా అందులో పచ్చిక కళ్ళు చెదిరేలా ఉండేది.

నాన్న ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి, ఆ కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. పార్షద్ గారు కాగితం విప్పకుండానే పదిమందిలో నవ్వి, "బాబూజీ, ముప్పై ఏళ్ళు రైల్వే వాళ్ళ ముఫ్త్ పానీ తాగారు. ఆదత్ ఖరాబ్ హో గయీ" అన్నాడు. ఊరికే వచ్చే నీళ్ళు తాగి అలవాటు చెడిందని. నాన్న ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "ఆడి గుమ్మం మనోల్లెవరూ తొక్కకూడదు. ఆడి నీల్లు నా ఇంట్లో చుక్క పడకూడదు" అన్నాడు. అమ్మ తలూపింది. ఆ నెలలోనే, మేం నీళ్ళు పట్టుకునే వీధి చివరి చేతిపంపు మొదట ఎర్రనీళ్ళు పోసి, తర్వాత అదీ మానేసింది.

నాన్నకి ఒక అలవాటుండేది. రిటైరైనా షెడ్డు సైరన్‌కే లేచేవాడు. మొదటి షిఫ్టు వాళ్ళతో సైకిలు మీద షెడ్డు గేటు దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి, డ్యూటీ ఎక్కుతున్న వాళ్ళని చూసి తిరిగొచ్చేవాడు. పాత రైల్వే వాళ్ళు చాలామంది అంతే, కాళ్ళు ఆగవు. ఆయన అలా వెళ్ళగానే అమ్మా నేనూ చెరో రెండు బకెట్లు పట్టుకుని సరిగ్గా ఆ గుమ్మం దగ్గరికే వెళ్ళేవాళ్ళం. నాన్న మాత్రం చేతిపంపు ఇంకా పనిచేస్తోందనే అనుకునేవాడు. ఇంటి నీళ్ళు ఎక్కడివో అడిగే అలవాటు క్వార్టర్లో ఎవరికీ లేదు కదా.

పార్షద్ గారి భార్య రబ్బరు పైపు పట్టుకుని పచ్చిక తడుపుతూ ఉండేది. మమ్మల్ని చూసి ముఖం చిట్లించేది కాదు, అదే నాకు ఎక్కువ మండేది. చాలా తియ్యగా, "పహలే లాన్ హో జానే దో, బహన్‌జీ" అనేది. ముందు పచ్చిక కానివ్వమని. ఆ పచ్చిక ఆరున్నర లోకల్ రైలు వెళ్ళేదాకా తడిసేది. పైపు ఒక పువ్వు దగ్గర ఆగితే అక్కడే నిలిచిపోయేది. తెలిసినవాళ్ళు ఎవరైనా అటు వస్తే, అమ్మ గోడ మీది కాగితంపూల వైపు తిరిగి, వాటిని చూడ్డానికే వచ్చినట్టు నిలబడేది. ఖాళీ బకెట్లు కొంగు చాటున దాగుతాయా?

నాకు నోరు లేదు. ఎవరైనా పేరడిగినా చెమటలు పట్టేవి. అనలేనివన్నీ రాత్రికి డైరీలో రాసేదాన్ని, అదీ తెలుగులో. సెలవులకి వెళ్ళినప్పుడు విజయనగరంలో అమ్మమ్మ నేర్పిన అక్షరాలవి. మా అన్నయ్యకి తెలుగు చదవడం రాదు కాబట్టి దానికి వేరే తాళం అక్కర్లేదు. 'ఈ రోజు లోకల్ వెళ్ళాక ఇచ్చారు.' 'ఈ రోజు లోకల్ లేటు, మేమూ లేటు.' ఎనిమిది నెలలు ఎక్కువగా ఇవే. అమ్మ చూసి, "ఏటే గుంటా, రోజూ ఏటి రాస్తావు? ఆల్ల పచ్చిక మీద పురాణమా?" అనేది.

పక్క వార్డు పార్షద్ ఒక రిటైరైన టీచరమ్మ. మా అర్జీ చివరికి ఆమే తీసుకుని మునిసిపాలిటీ సభలో పెట్టింది. మా పార్షద్ గారు నిబంధన చదివి వినిపించాడు: ప్రైవేటు స్థలంలోకి ప్రజల నీళ్ళు పోకూడదు. "మరి మీ గార్డెన్ ఎవరి స్థలం?" అంది టీచరమ్మ. "అది బోరు నీళ్ళు. నాకు మునిసిపాలిటీ చుక్క అక్కర్లేదు. రాసుకోండి" అన్నాడాయన. రాసుకున్నారు.

ఆ మాట పేపర్లో చూశాక నాలో ఏదో లేచి కూర్చుంది. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాశాను: ఆ ఏడాది ఊళ్ళో నీళ్ళ సరఫరా ఆగిన రోజులు తెలపవలెను. నెల తర్వాత జవాబొచ్చింది. మొత్తం అయిదు రోజులు. డైరీ తిప్పాను. సరిగ్గా ఆ అయిదు రోజులే వాళ్ళ పైపులోనూ నీళ్ళు లేవు. ఊళ్ళో మోటారు కాలితే భూమిలో బోరు ఎందుకు ఎండుతుంది? డైరీలో ఆ అయిదు పేజీల దగ్గర హిందీ చీటీలు పెట్టి, ఆ కాగితంతో సహా పట్టుకెళ్ళి టీచరమ్మ చేతిలో పెట్టి వచ్చేశాను.

తర్వాతి సభకి అమ్మా నాన్నా నేనూ వెళ్ళి ప్రేక్షకుల బెంచీ మీద కూర్చున్నాం. డైరీ సంగతి ఇంట్లో చెప్పలేదు. టీచరమ్మ దాన్ని పైకెత్తగానే పార్షద్ గారు తెరిచి చూసి, "ఈ జిలేబీలు ఎవరు చదవాలి జీ?" అన్నాడు. సభంతా నవ్వింది. సభాపతి రాసినవాళ్ళనే చదవమన్నాడు. నా కాళ్ళు నన్నడక్కుండానే లేచాయి.

ఆ అయిదు రోజులూ హిందీలో చెప్పాను. 'ఈ రోజు వాళ్ళకీ నీళ్ళు రాలేదు. పచ్చిక వాడింది. నాకు సంతోషంగా ఉంది' అన్నచోట మళ్ళీ నవ్వారు, కానీ ఈసారి అటువైపు చూసి. అక్కడితో సరిపోయేది. కావలసిన సాక్ష్యం అయిపోయింది. కానీ నాకు చాలలేదు. పేజీ వెనక్కి తిప్పి, ఎవరూ అడగనిది చదివాను. లాన్ హో జానే దో అన్న మాట, ఆవిడ గొంతులోని ఆ తీపితో సహా. ఖాళీ బకెట్లతో మా అమ్మ ఎంతసేపు నిలబడిందో, ఎన్ని రోజులో. ఆ పేజీలో ఇంకో వాక్యం ఉంది: 'నాన్నకి చెప్పొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది.' అదీ చదివేశాను. తలెత్తేసరికి పార్షద్ గారి ముఖం నేను ఎనిమిది నెలలుగా కోరుకున్నట్టే ఉంది. నాన్న ముఖం మాత్రం చూడలేకపోయాను.

ఇంటికి రాగానే నాన్న బిందె తీసుకెళ్ళి గుమ్మం ముందు ఒంపేశాడు. "ఎనిమిది నెల్లు ఆడి నీల్లే తాగాను కదే" అన్నాడు. అమ్మ నావైపు తిరిగి, "ఆడి పరువు తీసినావు, బాగానే ఉంది. నాదెందుకు తీసినావే?" అంది. మర్నాటి నుంచి నాన్న సైకిలుకి రెండు డబ్బాలు కట్టుకుని, క్వార్టర్లో ఉన్న పాత స్నేహితుడి కుళాయి దగ్గర నీళ్ళు పట్టి తెచ్చేవాడు.

గార్డెన్ పైపు ఆ నెలలోనే కోసేశారు. మేమంతా సంతకాలు చేసి, ప్లాట్లు అమ్మినాయన్నీ ఒప్పించి, సందుని మునిసిపాలిటీకి రాసిచ్చాం. మరుసటి వేసవికి ఇంటింటికీ కుళాయి వచ్చింది, సందు మొదటి గుమ్మానికి తప్ప. తనకి చుక్క అక్కర్లేదని ఆయనే రాయించుకున్నాడు కదా. ఆ కాగితం మారడానికి ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలో ఒక పొద్దున పార్షద్ గారి భార్య రెండు బకెట్లతో మా గుమ్మంలోకి వచ్చింది. వాళ్ళ గార్డెన్‌లో ఎవరిదో పెళ్ళట, ట్యాంకరు రాలేదట. నేను తలుపు వెనక నిలబడి, అమ్మ పొమ్మనాలని దేవుణ్ణి గట్టిగా కోరుకున్నాను. అమ్మ పొమ్మనలేదు. పాత నూనె డబ్బాల్లో మూడు బెండమొక్కలుండేవి, వాటి దగ్గరికి చెంబు పట్టుకెళ్ళింది. "దో మినట్, భాభీజీ. పహలే భిండీ హో జానే దో." ఒక్కో ఆకూ కడిగింది. వేళ్ళతో మట్టి కెలికి మళ్ళీ పోసింది. ఆవిడ ఖాళీ బకెట్లతో మా గోడ వైపు తిరిగి నిలబడింది. మా గోడ మీద పువ్వులు కూడా లేవు. ఆరున్నర లోకల్ వెళ్ళాక అమ్మ చెంబు దించి, రెండు బకెట్లూ అంచుదాకా నింపి ఇచ్చింది.

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: 'ఈ రోజు లోకల్ టైముకే వచ్చింది, లేటైతే బాగుండేది.' ఇప్పటికీ ఆరున్నరకి ఆ కూత వినిపిస్తే చేతిలో పని ఆగిపోతుంది. ఇన్నేళ్ళు గడిచాయంటారు గానీ, నా లెక్కలో ఆ పచ్చిక ఇంకా తడుస్తూనే ఉంది.