సున్నం కింద పగులు

కరోనా తగ్గి మైదానాలు మళ్లీ తెరిచిన ఏడాది, వేసవి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సరిహద్దులో ఓ పట్టణం. పేరు చెప్పను, ఆ గొడవ అక్కడ ఇంకా చల్లారలేదు. ఎప్పుడో రాతితో, గానుగ సున్నంతో కట్టిన స్టేడియం అది. తూర్పున ఒకటి, పడమర ఒకటి రాతి మెట్ల గ్యాలరీలు. వాటిని తీసేసి స్టీలువి పెడతామని మున్సిపాలిటీవాళ్లు ప్లాన్ గీశారు. ఊరు రెండుగా చీలింది. గ్యాలరీలు నిలుస్తాయో లేదో తేల్చమని నన్ను పిలిచారు.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. పాత కట్టడం ఇంకా ఎంత బరువు మోయగలదో చూసి చెప్పడం నా పని. అనుమానం లేనివాడు ఈ పనికి పనికిరాడు. పెళ్లిచూపుల నాడు కూడా తన వంక కాకుండా వాళ్లింటి శ్లాబు వంక చూశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

కొత్త గ్యాలరీలు కట్టబోయే కాంట్రాక్టరు తరఫు మేనేజరు నా కోసం క్యారేజీలో ఇడ్లీలు తెచ్చాడు. నేను ముట్టలేదు. అంత మర్యాద దేనికో అనిపించింది. గ్రౌండు చూసుకునే సూరన్న మీద ఇంకా అనుమానం కలిగింది. నేను ఏ గోడ దగ్గరికి వెళ్తే ఆ గోడకి అడ్డంగా వచ్చి నిలబడేవాడు.

రెండు గ్యాలరీల గోడల్లోనూ నిలువునా పగుళ్లున్నాయి. అంచులు పదునుగా, తెల్లగా, కత్తితో కోసినట్టున్నాయి. పాత పగులైతే దుమ్ము పట్టి, అంచులు అరిగి నల్లబడుతుంది. ఇవి యాక్టివ్ క్రాక్‌లు, అంటే ఇంకా కదులుతున్న పగుళ్లు అనుకున్నాను.

"ఈ పగులు ఎప్పటిదయ్యా?" అని గట్టిగానే అడిగాను.

"పగులేటి బాబూ, గీత. గోడన్నాక గీతలుండవేటి?" అన్నాడు సూరన్న, నా మొహం వంక చూడకుండా.

పడమటి గ్యాలరీ కింద గదిలో ఆడపిల్లలు బరువులెత్తుతున్నారు. వాళ్ల కోచ్ మార్తమ్మ. బాప్టిస్టు చర్చి ఆవరణలోని బడిలో చదువుకుని, ఈ గదిలోనే బరువులెత్తి, ఇక్కడే కోచ్ అయిందట. ప్లాన్ కాగితం నా ముందు పరిచింది.

"ఇందులో మా పిల్లల గది ఎక్కడుందో సూపించండి సార్. వెతికి వెతికి కళ్లు నొప్పెడతన్నాయి."

గది లేదు. ఇది తేలాల్సిందేనని రెండువైపులా టెల్‌టేల్ అంటించాను. అదొక సన్నని గాజు పలక. పగులు మీద అడ్డంగా అంటిస్తే, గోడ కదిలిన రోజున విరుగుతుంది. గోడ కదులుతోందో లేదో తేలడానికి కనీసం ఒక వానాకాలం గడవాలి.

మేనేజరు ఆగలేదు. "జనం ఎక్కి కూర్చునే చోటు సార్. రేపేదైనా జరిగితే? చూసినంత వరకు ఒక్క ముక్క రాసివ్వండి." అతన్ని ఎంత అనుమానించినా ఆ మాట కాదనలేకపోయాను. 'కొత్త పగుళ్లుగా కనిపిస్తున్నాయి, పరీక్ష ముగిసేదాకా జనాన్ని ఎక్కనివ్వరాదు' అని రాసి సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా మార్తమ్మ ఫోను చేసింది. "తూరుపువైపు కొట్టీసినారు సార్. మీ కాయితమే సూపిస్తన్నారు. మా వైపు ఎప్పుడో సెప్తే సామాన్లు సర్దుకుంటాం."

పరుగున వెళ్లాను. తూర్పున రాళ్ల గుట్ట మిగిలింది. పడమటి గాజు పలక చెక్కు చెదరలేదు. ఎవరో మార్చి ఉంటారేమోనని, అంటించేటప్పుడు దాని వెనక నేను గీసిన గుర్తు చూశాను. నాదే. అప్పుడు ఉలి తీసుకుని పగులు అంచు గీకాను. తెల్లగా ఉన్నది రాయి కాదు, సున్నం. దాని కింద ఇంకో పొర, ఆ కింద మరోటి. అన్నిటి కిందా రాయి అంచు నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంది. ఏనాడో ఆగిపోయిన పగులు.

"ఏటేటా పోటీల ముందు రెండు పక్కలా నానే పూస్తాను బాబూ," అన్నాడు సూరన్న. "మా అయ్యా అలాగే పూసేవోడు. పగుల్లో సున్నం కూరి మూసీస్తాం. ఎండలకి ఆ సున్నమే ఎండి మళ్లీ నోరు తెరుస్తాది."

"ఆ రోజు అడిగితే చెప్పలేదేం?"

"పాతది, పాతది అనే గదా బాబూ కొట్టీస్తామంతన్నారు. మా అయ్య కాలం నాటి పగులంటే ఇంకేటి మిగులుస్తారు? భయమేసినాది. అందికే నోరిప్పలేదు."

కదలకుండా ఆగిన పగులు ఎంత పాతదైతే గోడ అంత నమ్మకమైనది. ఆ సంగతి నాకు తెలుసు, అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

నా మొదటి కాగితం తప్పని రెండో కాగితం రాశాను. మేనేజరు నవ్వి, "అదీ మీదే, ఇదీ మీదే. ఏది నమ్మాలి సార్?" అన్నాడు. సిగ్గేసింది. అయినా ఆ రెండో కాగితంతో పడమటివైపు కూల్చడం వానలు గడిచేదాకా ఆగింది. వానాకాలం దాటినా గాజు విరగలేదు. పడమటి గ్యాలరీ నిలిచింది, పిల్లల గదీ నిలిచింది.

ఇప్పటికీ నేను అందరినీ అనుమానిస్తాను, అది నన్ను వదలదు. అయితే ఏ ఊళ్లో ఏ గోడ గురించి అడిగినా, ఎందుకు అడుగుతున్నానో ముందు చెబుతాను. "పాతదైతే మంచిదే, భయపడకు" అని సూరన్నతో ఆ రోజు ఒక్క మాట అని ఉంటే, తూర్పు గ్యాలరీ కూడా ఈ రోజు ఉండేది.