నాలుగో తాడు

మా గైడ్ గారు పోయారని సోమవారం పొద్దున కాలేజీ గ్రూపులో చూశాను. సాయంత్రానికల్లా అందరూ కలిసి ఆయన్ని మహానుభావుణ్ణి చేసేశారు. నాకు ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను జరిగింది రాస్తాను.

సముద్రంలో తేలే గాలిమరల్లో లోపాన్ని ముందే పసిగట్టడం ఆయన పరిశోధన. విజయవాడలో సముద్రం లేదు కనుక ల్యాబ్ వెనక సిమెంటు తొట్టి కట్టించి, నిలువెత్తు నమూనా మరను నాలుగు తాళ్లతో అందులో నిలబెట్టారు. తాళ్లు వన్ టౌన్‌లో ఆయనే ఏరి తెచ్చారు. ఇంకొకరి ఎంపిక ఆయనకి నచ్చేది కాదు. తొట్టి దగ్గర కుర్చీ వేయనిచ్చేవారు కాదు, మజ్జిగ కూడా నిలబడే తాగేవారు. తేలే మర ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపులో ఏది అల, ఏది లోపం అన్నదే చిక్కు. ఏ రీడింగు చూపించినా ఒకటే ప్రశ్న: "ఏమ్మా, ఇది అల కాదని ఎలా చెప్తావ్?"

ఆ ప్రశ్నే నాకు పని నేర్పింది. కాదనను.

ఆఖరి ఏడాది నాలుగో తాడు బిగువు రోజురోజుకీ తగ్గుతోందని గమనించాను. తొట్టిలో అలలు పుట్టించే మిషను ఆపి చూసినా తగ్గుతూనే ఉంది.

"సార్, తాడు లోపల తెగుతోందండీ. మార్చేద్దాం."

"నేను తెచ్చిన తాడమ్మా అది. నీ సెన్సర్ సరిగ్గా చూస్కో ముందు."

వారం తిరక్కుండా, నాకు ఉద్యోగం ఇస్తామన్న గాలిమరల కంపెనీవాళ్ల ఎదుటే ఆ తాడు తెగి మర ఒక పక్కకి ఒరిగిపోయింది. రిపోర్టులో ఆయన రాసిన కారణం: విద్యార్థిని అజాగ్రత్త. ఉద్యోగం పోయింది. అప్పటినుంచీ రైసుమిల్లుల్లో మోటార్ల వణుకు చూసి లోపాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. ఆయన ఒక్కసారి ఫోను చేసిన పాపాన పోలేదు.

నిన్న పటమటలో వాళ్లింటికి వెళ్లాను. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. వాళ్లావిడ ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఆయన బల్ల సొరుగులో ఉందమ్మా. నీ పేరు రాసుంది."

లోపల ఆ తాడు ముక్క. దానికి దారంతో కట్టిన చీటీ మీద ఆయన చేతిరాత: "అల కాదు."

నేను ఏడుస్తాననుకున్నారేమో, ఆవిడ మంచినీళ్లు తెచ్చారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంటే ఆయనకి తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ సొరుగులో దాచుకున్నారు. ఆ రెండు మాటలు రిపోర్టులో రాసి ఉంటే ఈపాటికి నేను సముద్రం మీద ఉండేదాన్ని.

అటునుంచి అటే కాలేజీకి వెళ్లాను. రేపటి సంతాపసభకి తొట్టి పక్కనే షామియానా వేసి కుర్చీలు సర్దుతున్నారు. పాత మర ఇంకా మూడు తాళ్ల మీదే ఒరిగి ఉంది. నాలుగో కొక్కెం ఖాళీ. తాడు ముక్కని దానికి కట్టి, అక్షరాలు కుర్చీల వైపు ఉండేలా చీటీని తిప్పి వచ్చాను. గాలికి అది కాస్త కాస్త ఊగుతోంది.