పిన్ని ఫ్లూటు, బాబాయి గిటారు, మా మిరప కల్లం

మా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిరి మిరప కల్లాల పక్కనే వేసేవాళ్ళు... దర్శి దగ్గర మా పల్లెలో అంత ఖాళీ జాగా ఇంకెక్కడా ఉండేది కాదు మరి. ఒక పక్క తాటాకు పందిరి, దానికి ఆనుకుని నేలంతా ఎర్రగా పరిచిన కాయలు... పానకం బిందెల చుట్టూ పిల్లలం.

ఒక ఏడాది ఆ పందిట్లో కచేరీ మా బాబాయిది, పిన్నిది.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. ఒంగోల్లో ఒక పాటల ట్రూపులో గిటారు వాయించేవాడు. పిన్నిది చీరాల, మగ్గాల ఇల్లు. అదే ట్రూపులో ఫ్లూటు వాయించేది. అక్కడే ఒకరికొకరు నచ్చి పెళ్ళి చేసుకున్నారు. అంతవరకైతే మా నాయనమ్మ ఎలాగో సర్దుకునేదే... పెళ్ళయ్యాక ఇద్దరూ ట్రూపు మానేసి, ఇకనుంచి మేమిద్దరమే వాయిస్తాం, పాడేవాళ్ళూ వద్దు డ్రమ్ములూ వద్దు అన్నారు.

ఇక చూస్కోండి. ఊరంతా ఒకటే నవ్వు. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ పిలిచే నాథుడు లేడు. చివరికి నాయనమ్మ బాబాయిని కూర్చోబెట్టి తేల్చి చెప్పేసింది.

"నవమికి మనూళ్ళో వాయించండి. జనం కుదురుగా కూర్చున్నారా, మీ ఇష్టం. లేచిపోయారా, ఆ గిటారు అటకెక్కించి పొలంలోకి రా. ఆ పిల్ల కూడా ఇంటి పట్టునే ఉంటది."

బాబాయి సరే అన్నాడు. పక్కనే ఉన్న పిన్ని ముఖం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ మర్నాటి నుంచి పెరట్లో సాధన. అదొక చిత్రమైన సాధన లెండి. ప్రతి పాటా ఒకసారి ఎవరిది వాళ్ళు వాయించుకునేవాళ్ళు. ఆ తర్వాత పిన్ని ఫ్లూటు పక్కన పెట్టి ఊరికే వింటూ కూర్చునేది, ఆవిడ వాయించాల్సిందంతా బాబాయి గిటారు మీద వాయించేవాడు. ఎందుకు పిన్నీ అలా అంటే, "నా పాట ఆయనకి కూడా రావాలి కదే" అనేది. దాంతో ఏం పనో నాకు అర్థం కాలేదు.

నవమి సాయంత్రం పందిరి నిండింది. సగం మంది వినడానికి, సగం మంది నవ్వడానికి వచ్చారు. మొదటి పాట కబుర్ల మధ్యే అయిపోయింది. రెండో పాట ఎత్తుకున్నారు...

సరిగ్గా అప్పుడే కల్లంలో రోజూ జరిగే పని మొదలైంది. పొద్దు గూకేలోపు పరిచిన కాయలన్నీ గంపలకెత్తి కుప్ప పోసి, పట్టలు కప్పాలి. పండగైనా ఆ పని ఆగదు. కుప్ప పోస్తుంటే ఘాటు లేచింది, గాలి పందిరి వైపు తిరిగింది.

మాకేం తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటులో పెరిగిన ముక్కులు మావి. ఊపిరితో వాయించే మనిషి అక్కడ కూర్చుంటుందే అన్న ఆలోచన పందిరి వేసిన పెద్దవాళ్ళకీ రాలేదు, బాబాయికీ రాలేదు.

పిన్నికి దగ్గు తెర వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు. ఫ్లూటు మధ్యలో ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక వరసలో కొంతమంది లేచి తువ్వాళ్ళు దులుపుకున్నారు. అయిపోయింది, గిటారు అటకెక్కినట్టే అనుకున్నాను...

కానీ గిటారు ఆగలేదండీ.

పిన్ని ఎక్కడ వదిలిందో అక్కడే బాబాయి అందుకున్నాడు. తన పాట వదిలేసి ఆవిడ పాట వాయించడం మొదలుపెట్టాడు. జనం వైపు చూడలేదు. ఆవిడ వైపే చూస్తూ, నువ్వు నెమ్మదిగా రా, నేనున్నాగా అన్నట్టు... లేచినవాళ్ళు అలాగే నిలబడిపోయారు.

అప్పుడు లేచింది మా నాయనమ్మ.

"ఏందర్రా అట్టా చూస్తన్నారు? ఆ పిల్లకి ఊపిరి ఆడటంలా. ముందు ఆ గంపలు కింద పెట్టండి."

పక్కింటి దండెం మీది చీర లాగి నీళ్ళ తొట్టిలో ముంచింది. నీళ్ళు కారుతున్న చీరని గాలి వచ్చే వైపు అడ్డంగా పట్టుకుని నిలబడింది. రెండో కొస మా అమ్మ పట్టుకుంది. కాయలు ఏరే ఆడవాళ్ళు పరుగున వచ్చి ఇంకో చీర, ఆ పక్కన ఇంకోటి... మగవాళ్ళు కుప్పల మీద పట్టలు లాగారు. చూస్తుండగానే పిన్ని చుట్టూ తడిచీరల గోడ లేచింది.

కాసేపటికి ఆ చీరల వెనక నుంచి ఫ్లూటు వినిపించింది.

పిన్ని కనపడటం లేదు. ఆ స్వరం ఒక్కటే... మొదట సన్నగా, తర్వాత నిండుగా. గిటారు మెల్లగా పక్కకి జరిగి దానికి దారి ఇచ్చింది. లేచినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ కూర్చున్నారు. మనుషులు ఇంత గొప్పగా ఉంటారా అని మొట్టమొదటిసారి అనిపించింది ఆ రోజే.

నాయనమ్మ చేతుల మీదుగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మార్చుకుందాం ఇవ్వమని ఎవరడిగినా కచేరీ అయ్యేదాకా ఆ కొస వదల్లేదు.

గిటారు అటకెక్కలేదు. గుంటూరు, విజయవాడ, చెన్నై... ఆ తర్వాత మేము పేర్లు కూడా పలకలేని ఊళ్ళు తిరిగి వాయించారు ఇద్దరూ. నాయనమ్మ పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ "మా కోడలు ఊదితే వినాల" అని చెప్పేది.

మొన్న గుంటూరులో వాళ్ళ కచేరీకి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు. ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. ఆ పాటే వాయించారు... ఆ చోటు రాగానే ఫ్లూటు ఆగిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. గిటారు అందుకుంది. కాసేపటికి ఫ్లూటు మళ్ళీ వచ్చింది. హాలంతా చప్పట్లు.

అయ్యాక లోపలికి వెళ్ళి, "ఇంకా దగ్గొస్తోందా పిన్నీ" అని అడిగాను.

నవ్వింది. "దగ్గేమీ లేదే. మీ నాయనమ్మ లేవాలి, చీర తడిపి తేవాలి... అందాకా ఆగొద్దూ?"

నాకు ఏడుపు ఆగలేదు.

ఆ కల్లం ఇప్పుడు ఇళ్ళ స్థలాలైపోయింది. నవమికి ఇప్పుడు సౌండ్ బాక్సులు పెడుతున్నారు. కచేరీలో ఎవరికైనా దగ్గొస్తే మనం కుర్చీలోంచి వెనక్కి తిరిగి చూస్తామంతే... లేచే అలవాటు పోయింది.

మీ ఊరి పందిట్లో కూడా ఎవరో ఒకరు ఇలా లేచే ఉంటారు. వాళ్ళ గురించి చెప్పరూ... చదవాలని ఉంది.