అవార్డు పాటలో నా బిట్టు

మా చిన్నప్పుడు... సినిమా చూసి వస్తూ బస్సులో మాట్లాడకూడదు. మాట్లాడటమే కాదు, వినకూడదు కూడా. అమలాపురంలో హాలు బయటికి రాగానే నాన్న జేబులోంచి దూది తీసి, ఉండలు చేసి తలా రెండు ఇచ్చేవాడు. అవి చెవుల్లో పెట్టుకుని అంబాజీపేట దాకా కిమ్మనకుండా కూర్చోవాలి...

మాది పెళ్లిళ్ల బ్యాండు. నాన్నది క్లారినెట్టు, సత్తి బాబాయిది డ్రమ్ము, ఇంకో ఇద్దరివి ట్రంపెట్లు. పెళ్లిళ్లు లేని రోజుల్లో నలుగురూ కొబ్బరికాయలు ఒలిచేవారు. స్వరాలు రాసుకోవడం ఎవరికీ రాదు. అందుకని కొత్త పాట వస్తే దాన్ని పంచుకునేవారు. పల్లవి నాన్నది, చరణాలు ట్రంపెట్ల వాళ్లవి, దెబ్బ బాబాయిది. చరణాల మధ్యలో వచ్చే బిట్టు మాత్రం నాది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఏది విన్నా ఇట్టే పట్టేస్తానని నాన్నకి మహా నమ్మకం. ఎవరి ముక్క వాళ్లు జాగ్రత్తగా ఇంటికి మోసుకొస్తే, పెరట్లో కూర్చుని అన్నీ అతికించేవారు.

ఓసారి కండక్టరు మా వాలకం చూసి, "ఎవరైనా పోయేరా అండీ?" అని అడిగాడట. ఏం అడిగాడో వినపడక నలుగురూ తలూపారు. పాపం, దారంతా ఆయన మమ్మల్ని గసరలేదు...

ఆ ఏడు జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ సంగీతం అవార్డు ఏదో చిన్న సినిమాకి వచ్చింది. రేడియోలో విన్న దగ్గర్నుంచీ నాన్నది ఒకటే గొడవ. "ఎంతసేపూ ఎగిరే పాటలేనా... ఒక్క అవార్డు పాటన్నా మన బ్యాండులో ఉండాలిరా" అని. ఆ క్యాసెట్టు మా వైపు దొరకలేదు. సినిమా కూడా ఒక్క ఆదివారం, ఒక్క మార్నింగ్ షో వేశారు. మామూలు సినిమా అయితే మర్చిపోయినా మళ్లీ వెళ్లొచ్చు. దీనికి ఆ వీల్లేదు.

నా బిట్టు ఫ్లూటు మీద వచ్చింది. చిన్నదే, కానీ మెలికలు ఎక్కువ. పట్టేశాను. దూది పెట్టుకుని బస్సెక్కాను.

పక్కన ఖాళీ చేపల బుట్టతో ఒక ముసలావిడ. నా భుజం తట్టి ఏదో అడుగుతోంది. పెద్దావిడ అడిగితే పలక్కపోవడం ఏం బాగుంటుంది... ఒక చెవిలో దూది తీశాను.

"బండారులంక దాటేసేమా పాపా?"

"ఇంకా లేదండీ, తర్వాతదేనండీ."

అంతే... డ్రైవరు టేపులో మోగుతున్న హుషారు పాట చెవిలో దూరిపోయింది. గబగబా దూది కుక్కుకున్నాను గానీ ఏం లాభం... బిట్టు లేదు. ఇల్లు చేరేదాకా వెతుక్కుంటూనే ఉన్నాను.

పెరట్లో అందరి ముక్కలూ అయ్యాయి. "ఏదీ, నీ ముక్క అనమ్మా" అన్నాడు నాన్న. మర్చిపోయానంటే నాన్న అవార్డు పాట అక్కడితో సరి. ఏం చెయ్యాలో తోచక, నోటికొచ్చింది పాడేశాను. నాన్న నా మొహంలోకి చూశాడు.

"ఇంకోసారి అను."

మళ్లీ అదే పాడాను.

"ఆయ్... బాగుంది" అని క్లారినెట్టు అందుకున్నాడు.

పదేళ్ల పైన వాయించారు ఆ పాట. మగపెళ్లివారు విడిదిలో దిగినప్పుడు, చర్చి మెట్ల మీంచి కొత్త జంట దిగుతున్నప్పుడు... ఆ బిట్టు దగ్గరికొచ్చేసరికి వింటున్నవాళ్ల మొహాలకేసి చూసేదాన్ని. ఆ సినిమా చూసినవాళ్లెవరైనా పట్టేసుకుంటే నాన్న పరువేం కాను? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. నాన్న పోయి ఆరేళ్లయింది.

నాలుగు రోజుల కిందట బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి, బియ్యం కడిగే ఓపిక కూడా లేక కూలబడితే, టీవీలో ఈ ఏటి ఉత్తమ సంగీతం అవార్డు చెబుతున్నారు. ఎందుకో బుద్ధి పుట్టి, ఫోనులో ఆ పాత సినిమా పేరు కొట్టాను. పాట దొరికింది. నా బిట్టుకీ దానికీ ఎక్కడా పొంతన లేదు. అసలుది ఎంత బాగుందో... వరసపెట్టి నాలుగుసార్లు విన్నాను.

ఇక దాచడం దేనికని మర్నాడు సత్తి బాబాయికి ఫోన్ చేశాను. బ్యాండులో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. సంగతి చెబితే నవ్వాడు.

"అన్నయ్యకి తెలీదనుకున్నావేటమ్మా? తనూ హాల్లో విన్నాడు కదా... నువ్వు లోపలికెళ్లేక మాతో అన్నాడు. ఇది సినిమాలోది కాదురా, మన పిల్లది. ఎవరూ మార్చకండి అన్నాడు."

అంతలో బాబాయే మళ్లీ అడిగాడు.

"ఏదీ, ఓసారి అనమ్మా. విని చాన్నాళ్లయింది."

నోరు తెరిచాను... సినిమాలో బిట్టు వచ్చింది. మళ్లీ మొదలెట్టాను. మళ్లీ అదే. ముప్ఫై ఏళ్లు నాతో ఉన్నది ఒక్క సాయంత్రంలో ఎటు పోయిందో. "నువ్వన్నా అను బాబాయ్" అంటే, "నాకు దెబ్బ తప్ప ఏం తెలుసమ్మా" అంటూ బల్ల మీద తట్టి వినిపించాడు. దెబ్బంతా ఉంది... రాగమే లేదు.

మూడు రోజుల నుంచి ఇదే పని. నిన్న దూది పెట్టుకుని కూడా కూర్చున్నాను, నవ్వకండి. ఇప్పుడు ఏ పాట కావాలన్నా ఫోనులో ఉంటుంది, ఎవరూ ఏదీ మోసుకురానక్కర్లేదు. నాన్న మార్చొద్దన్నదొక్కటే అందులో లేదు. నిజంగా అలసిపోయాను...

అంబాజీపేట, అమలాపురం, కొత్తపేట వైపు ఆ రోజుల్లో పెళ్లయినవాళ్లు ఇది చదువుతుంటే... అటక మీద మీ పెళ్లి వీడియో క్యాసెట్టు ఉంటే ఒక్కసారి చూడండి. ఎర్రకోట్లు వేసుకున్న నలుగురు, ఒక నెమ్మదైన పాట, మధ్యలో క్లారినెట్టు ఒక్కటే పలికే చోటు. అది నాది. కాస్త వినిపించండి...

ఈసారి ఎవరు పలకరించినా దూది తియ్యను.