పెద్ద టీచరుగారి డిసెంబరు నెల

మా పెద్ద టీచరుగారు పోయారు. నవంబరు ఆఖరి వారంలో ఒక ఉదయం, ఒకటో తరగతి హాజరు పిలుస్తూండగా ఫోను మోగింది. ఏలూరులో ఆవిడ అద్దెకున్న ఇంటి కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మాట్లాడారు. "మీ టీచరుగారు తెల్లారగట్ల పోయారమ్మా. నిద్రలోనేనండి. ఎవరికి చెప్పాలో తెలీక, ఆవిడ ఫోనులో 'బడి' అని ఉన్న నంబరుకి చేశాను" అన్నారు. "వస్తానండి" అన్నాను. పిల్లలు నా ముఖం చూస్తున్నారు. మిగిలిన పేర్లు పిలిచాను. ఎవరు పలికారో, ఎవరు పలకలేదో నాకు తెలియలేదు.

మా బడి మండవల్లికి అవతల, కొల్లేటి అంచున, చేపల చెరువుల మధ్య ఉంటుంది. ఆవిడ అక్కడ ఇరవై ఏళ్ళకు పైగా ఒకటి, రెండు తరగతులకు చెప్పారు. రోజూ ఏలూరులో మొదటి బస్సెక్కి, కొల్లేరు దాటి, కైకలూరులో ఆటో పట్టుకుని వచ్చేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్కగారూ ముందే పోయారు. ఈ సంగతులు కూడా నాకు ఎవరో చెబితేనే తెలిశాయి. తన గురించి చెప్పుకోవడం ఆవిడకు అలవాటు లేదు.

నేను తాడేపల్లిగూడెం నుంచి మొదటి ఉద్యోగంగా ఆ బడికి వచ్చాను. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. క్రిస్మస్ అంటే బజార్లో నక్షత్రాలు వేలాడటం, స్నేహితులింట్లో కేకు తినడం, అంతే తెలుసు. ఆ డిసెంబరులో పిల్లలకు పండుగ చేద్దామని గూడెంలో మెరిసే నక్షత్రాలు, దండలు కొని సంచి నిండా తీసుకెళ్ళాను. ఆవిడ ఒక్కొక్కటే తీసి చూశారు.

"బాగున్నాయమ్మా. మరి వీటితో పిల్లలకు పనేముంది?" అన్నారు.

"చూస్తారు కదండీ" అన్నాను.

"చూడ్డం అయిపోయాక?"

ఆవిడ సంచి బీరువా మీద పెట్టేశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయని తల వంచుకుని తిన్నాను. ఆవిడ కాస్త పెరుగు నా కంచంలో వేసి, "రేపు నాతో చెరువు గట్టు మీదకి రా. నత్తగుల్లలు ఏరుదాం" అన్నారు.

అలా మొదలైంది నా అసలు ట్రైనింగు.

ఆవిడకు క్రిస్మస్ పని నవంబరులోనే మొదలయ్యేది. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు వారం వారం ఏం చేయాలో రాసుకునేవారు. పండుగ కథలో గొర్రెల కాపరులున్నారు కదా, నత్తగుల్లలే గొర్రెలు. కొబ్బరి ఈనెలతో నేల మీద దొడ్లు. పది గొర్రెలైతే ఒక దొడ్డి నిండినట్టు. మిగిలినవి బయటే ఉండాలి. పదులు, ఒకట్లు అనే మాట ఎత్తకుండానే పిల్లలు "రెండు దొడ్లు, నాలుగు గొర్రెలండీ!" అని అరిచేవారు. అప్పుడు పలక మీద ఇరవై నాలుగు వేసి చూపించేవారు. ఏడాదంతా నేను బోర్డు మీద చెప్పినా ఎక్కనిది, ఆ వారంలో ఎక్కేది.

నక్షత్రాలు పిల్లలే చేయాలి. పుల్లలు కొలుచుకోవాలి, పొట్టివి, పొడుగువి వేరు చేసుకోవాలి, ఐదు మూలలూ లెక్కపెట్టుకోవాలి. కింది వాటా ఆవిడ ఇచ్చిన గుడ్డ ముక్కలు ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి వరసగా అంటించాలి. ఒకసారి ఒక పిల్లాడి నక్షత్రం ఒక పక్కకి ఒరిగిపోతే నేను సరిచేయబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "వంకరగా ఉంటే ఉండనీ అమ్మా. వాడు చేశాడని తెలుస్తుంది" అన్నారు. తర్వాత ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

ఇంకో ఏడాది పిల్లల చేత కథ ఆడిస్తున్నాం. పుట్టిన బాబును చూడ్డానికి జ్ఞానులు ఒంటెల మీద వచ్చారని నేను చెబుతూంటే రెండో తరగతి దుర్గ లేచి, "ఒంటె ఈదుద్దా అండీ?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "ఎందుకమ్మా?" అన్నారు. "మా ఊరికి రావాలంటే నీళ్ళు దాటాలి కదండీ" అంది దుర్గ. ఆవిడ అట్టపెట్టెలు తెప్పించి దోనె చేయించారు. ముగ్గురు జ్ఞానులూ గడ వేసుకుంటూ దోనె మీద వచ్చారు. ఆ రోజు బడి చూడ్డానికొచ్చిన అధికారి ఒకాయన, "ఇదేంటండీ, జ్ఞానులు దోనె మీద వచ్చారేంటి?" అన్నారు. "మా పిల్లల దగ్గరికి రావాలంటే ఇదే దారండి" అన్నారు ఆవిడ, చాలా మర్యాదగా. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని చివరిదాకా చూసి వెళ్ళారు.

ఆఖరి రోజు పిల్లలు ఒక్కొక్కరూ ఇంట్లో ఒకరికి కార్డు రాయాలి. ఒక్క వాక్యమే, కానీ నిజమైనదే రాయాలి. "శుభాకాంక్షలు ఎవరైనా రాస్తారు. నువ్వు చెప్పాలనుకున్నది రాయి" అనేవారు. ఎవరికి రాయాలో తెలియక బిక్కముఖం వేసుకున్న పిల్ల ఏటా ఒకతె ఉండేది. ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా, "నాకూ ఎవరూ రాయలేదమ్మా. నాకు రాస్తావా?" అని అడిగేవారు. పిల్లను ఊరుకోబెట్టడానికి అంటున్నారనుకునేదాన్ని.

సెలవుల తర్వాత ఒకసారి, "ఇంటి దగ్గర పండుగ బాగా జరిగిందా అండీ?" అని అడిగాను. "బళ్ళోనే అయిపోయింది కదమ్మా" అన్నారు, చాక్‌పీసులు పెట్టెలో సర్దుకుంటూ. అదీ చమత్కారమే అనుకున్నాను.

ఆవిడ రిటైరయ్యారు. ఆ తర్వాత మూడు, నాలుగు, ఐదు తరగతులను పక్క ఊరి బడిలో కలిపేశారు. నాకు మిగిలింది ఒకటి, రెండు తరగతుల పదకొండు మంది, ఒక గది. హాజరు, భోజనాలు, ఫోటోలు, ఫోనులో నింపాల్సిన వివరాలు, అన్నీ ఒక్క చేత్తోనే. ఆవిడ అప్పుడప్పుడు ఫోను చేసేవారు. నేను పనిలో ఉన్నానంటే, "సరేనమ్మా, పని చూసుకో" అని వెంటనే పెట్టేసేవారు.

పోయిన డిసెంబరులో కైకలూరులో అమ్మే నక్షత్రాలు నాలుగు కొన్నాను. తగిలించాను, కేకు కోశాను, ఫోటో తీసి పంపించాను. అరగంటలో అయిపోయింది. పండుగకు ఆవిడను పిలుస్తానని రిటైరైన రోజున అన్నాను. పిలవలేదు. ఆ సాయంత్రం ఆవిడే ఫోను చేశారు.

"పిల్లలు నక్షత్రాలు చేశారా అమ్మా?"

"చేశారండి. చాలా బాగా చేశారు."

"వంకరగా ఏమైనా వచ్చాయా?"

"లేదండి, అన్నీ చక్కగా వచ్చాయి."

"ఓహో" అన్నారు ఆవిడ. పిల్లల్ని అడిగానని చెప్పమన్నారు. నా అబద్ధాన్ని నేనే బయటపెట్టుకున్నానని నాకు బస్సు ఎక్కాక తట్టింది. మళ్ళీ ఫోను చేసి నిజం చెప్పొచ్చు. రేపు చేద్దామనుకున్నాను. ఆ రేపు ఏడాది పాటు వాయిదా పడింది. మధ్యలో మాట్లాడుకున్నాం, కానీ నక్షత్రాల మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఈ నవంబరులో ఆవిడ సమాధి దగ్గర పది పన్నెండు మందిమి ఉన్నాం. చర్చివాళ్ళు, ఇరుగుపొరుగు, నేను. ప్రార్థన అయ్యాక బట్టలు కుట్టే ఆవిడ నా పక్కన నడుస్తూ చెప్పారు.

"పోయిన ఏడాది పండక్కి ముందు ఓ రోజు పొద్దున్నే తయారై మెట్ల మీద కూర్చున్నారమ్మా. వేసుకున్న కొత్త జాకెట్టు నేనే కుట్టిచ్చాను. ఎక్కడికండీ అంటే, బళ్ళో పిలుస్తారు అన్నారు. మజ్జానం దాకా అలాగే ఉన్నారు. తర్వాత, పిల్లలకి పరీక్షలేమోలెండి అని పైకెళ్ళి చీర మార్చుకున్నారు. పండగ రోజు పొద్దున చర్చికెళ్ళొచ్చి తలుపేసుకునేవారండి, ఎప్పుడూ అంతే. మేం సేమియా పంపిస్తే గిన్నె కడిగి, అందులో పంచదార పోసి తిరిగిచ్చేవారు."

బట్టలు కుట్టే ఆవిడకు తెలియదు, ఆ పిలవాల్సిన మనిషిని నేనేనని. చెప్పాను. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి బస్టాండు దాకా వచ్చారు. బస్సు కొల్లేరు దాటుతూంటే రెండు పక్కలా నీళ్ళు. టీచరుగారు ఇరవై ఏళ్ళు రోజుకు రెండుసార్లు ఈ నీళ్ళు చూస్తూ ఒక్కరే వెళ్ళొచ్చారు. నేను పక్క సీటులో కూర్చుని ఆ ఇంటిదాకా ఒక్కసారైనా వెళ్ళలేదు.

ఈ డిసెంబరులో ప్లాను నేనే రాసుకున్నాను. గుల్లలు ఏరాం. ఈనెలతో దొడ్లు కట్టాం. ఏది ముందు, ఏది వెనక అని అనుమానం వచ్చినప్పుడల్లా తలెత్తి అడగబోయి ఆగిపోయేదాన్ని. గదిలో పిల్లలు తప్ప ఎవరూ లేరు. ఒకటో తరగతి లక్ష్మికి తొమ్మిది గొర్రెలే దొరికాయి. "దొడ్డి మూసేద్దామా టీచర్?" అంది. ఆవిడైతే ఏమనేవారో నాకు తెలియలేదు. "నువ్వే చెప్పు" అన్నాను. లక్ష్మి ఆలోచించి ఒక ఈనె పక్కకి తీసింది. "ఇంకోటి వస్తాదేమో టీచర్" అంది.

మర్నాడు నక్షత్రాలు. పదకొండూ వంకరగానే వచ్చాయి. నేను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

పనయ్యాక అందర్నీ బోరింగు దగ్గర నిలబెట్టి చేతులు కడిగించాను. మైదా జిగురు, గుడ్డల రంగు వేళ్ళ మధ్య ఎండిపోయి ఒక పట్టాన వదల్లేదు. లక్ష్మి వంతు వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఉండనీయండి టీచర్, మా అమ్మకి చూపిస్తాను" అంది. సరేనన్నాను.

బడి వదిలాక పిల్లలంతా చెరువు గట్టు వెంట పరుగెత్తారు. లక్ష్మి పరుగెత్తలేదు. ఎర్రరంగు అంటిన ఆ కుడిచేతిని గౌనుకు తగలకుండా, వేళ్ళు విప్పి దూరంగా పట్టుకుని, మెల్లగా నడిచి వెళ్ళింది. గట్టు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలా చాచే ఉంది.