గురుడు చూసిన ఇల్లు

అక్క పెళ్ళికి జాతకాలు కలిపింది కన్నతండ్రి, మా బాపే. పురానాపూల్ దగ్గర గుడిలో అర్చకత్వం చేస్తూ, వాడకట్టు మొత్తానికి జాతకాలు చూసేవాడు. అక్క జాతకంలో ఏడో ఇంటి మీద, అంటే మొగుడి స్థానం మీద, గురుడి శుభదృష్టి పడిందని పొంగిపోయాడు. గురుడు తానున్న చోటినుంచి ఐదో ఇంటినీ, ఏడో ఇంటినీ, తొమ్మిదో ఇంటినీ చూస్తాడట. ఆయన చూసిన ఇల్లు చల్లగా ఉంటుందట.

ఆ చల్లని ఇంటినుంచి ఏడాది తిరక్కుండానే అక్క వాచిన దవడతో వచ్చింది. పప్పులో ఉప్పెక్కువైందని బావ కొట్టాడు. బాపు పంచాంగం చూసి, మంచిరోజున తిరిగి పంపాడు. రెండోసారి చెయ్యి విరిగి వచ్చింది. నేనప్పుడు బీఏ ఆఖరు సంవత్సరం. నా నోరు ఊరుకుంటుందా?

"బాపూ, గురుడు చూస్తున్నడా, కండ్లు మూసుకున్నడా?"

"గట్ల అనొద్దు బిడ్డా. ఆ దృష్టి లేకుంటే పానమే పోతుండె."

శుభదృష్టికి అర్థం అదన్నమాట! చెయ్యే కదా విరిగింది అని సంతోషించాలి.

అక్కావాళ్ళు ఉండేది సంతోష్‌నగర్‌లో, వరుస ఇళ్ళల్లో. "నువ్వు దెబ్బలకు ఒర్లుతుంటే ఎవ్వరు రారా?" అని అక్కను అడిగాను.

"ఎందుకు రారే? తొమ్మిదో ఇంటామె దాక అందరు గుమ్మాలల్ల నిలబడి చూస్తరు."

గురుడు చేసేదీ అంతేగా.

అక్క చేతి పట్టీ ఇంకా విప్పకముందే ఒక పొద్దున బావ వచ్చాడు. చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి, అక్క జడ పట్టి గుమ్మం వైపు ఈడ్చాడు. దర్వాజాకు తగిలి నుదురు చిట్లింది, కళ్ళలోకి నెత్తురు కారింది.

"ఆగు నాయనా, ఇప్పుడు వర్జ్యం నడుస్తున్నది," అంటూ బాపు పంచాంగం పట్టుకుని అడ్డం వచ్చాడు.

"నీ వర్జ్యం నా దగ్గర నడ్వది!" అని బావ ఒక్క తన్ను తన్నాడు. బాపు వెల్లకిలా పడ్డాడు, పంచాంగం చిరిగి చెల్లాచెదురైంది.

నీళ్ళతో నిండిన ఇత్తడి చెంబు నా చేతికందింది. మొదటి దెబ్బ ముక్కు మీద. ఎముక పటుక్కుమంది, జడ వదిలి కూలబడ్డాడు. రెండోది లేవకుండా ఉండడానికి. మూడోది నా తృప్తికోసం.

మా గల్లీవాళ్ళూ గుమ్మాల్లో నిలబడి చూశారు.

బావ నెత్తురు ఉమ్మి, బాపును నిలదీశాడు: "ముసలోడా, నీ బిడ్డను పంపిస్తవా, లేదా?"

బాపు చిరిగిన పంచాంగం ఏరుకున్నాడు. అక్క ముఖం చూశాడు, నా చేతిలోని చెంబు చూశాడు.

"ఇయ్యాల దినం మంచిగ లేదు. చూసి చెప్త."

బావ పోయాక, "నీతోని ఆ చెంబు ఎత్తిచ్చింది గురుడే," అన్నాడు నాతో.

"ఆయన చూసిండు బాపూ. ఎత్తింది నేను."

అక్కను పంపడానికి మంచిరోజు కోసం బాపు బతికున్నన్నాళ్ళూ, ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం కొని మరీ వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.